తలకిందులుగా పెట్టిన పుస్తకం

పుస్తకం పోయింది.

ఏడెన్ రేవు ఊరి బయట ఇసుకలో వేసిన శిబిరం గుడారాల్లో చిట్టచివరి వరస. అందులో మోరీ సాదియా గుడారం. ఉదయం ప్రార్థన అయ్యాక ఆయన తన చేతులతోనే పుస్తకాన్ని నీలం గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. మధ్యాహ్నం సూదిమందు వేయించుకుని తిరిగి వచ్చేసరికి పెట్టె తెరిచి ఉంది. పుస్తకం లేదు.

ఇన్‌స్పెక్టర్ మెనాషే ఊళ్ళోంచి జీపులో వచ్చాడు. వెంట కానిస్టేబుల్ అవద్.

గుడారం ముందు జనం. హమీమ్ లోయ యూదులందరూ అక్కడే ఉన్నారు. కొండలు దిగి, కాళ్ళు పగిలేలా నడిచి వచ్చినవాళ్ళు. ఒక్కరూ ఏడవడం లేదు. అది ఇన్‌స్పెక్టర్‌కు నచ్చలేదు. ఏడ్చేవాళ్ళను సముదాయించవచ్చు. మాట్లాడకుండా నిలబడ్డవాళ్ళను ఏం చేయగలడు?

"ఏం పుస్తకం?" అని అడిగాడు.

"తోరా. మా తాత చేత్తో రాసిన ధర్మగ్రంథం," అన్నాడు మోరీ. మోరీ అంటే గురువు. లోయలో అందరికీ చదువు చెప్పింది ఆయనే. తెల్లటి గడ్డం, చెంపల పక్క పొడుగాటి జుట్టు పాయలు.

"ఖరీదు ఎంత ఉంటుంది?"

మోరీ ఆయన్ని జాలిగా చూశాడు. "నువ్వు యూదుడివేనా నాయనా?"

"ఏడెన్ యూదుణ్ణి."

"అదీ సంగతి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఊరుకున్నారు.

"మీకు అంతా నోటికి వచ్చు కదా మోరీ. మళ్ళీ రాసుకోవచ్చు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వచ్చు. వస్తే ఏం? రాసి ఉన్నదాన్ని చూడకుండా చెప్పకూడదు. చూడకుండా రాయకూడదు. కన్ను అక్షరం మీద ఉండాలి. నోటితో చెప్పుకుంటూ పోతే ఈ ఏడు ఒక మాట జారుతుంది, వచ్చే ఏడు ఇంకోటి. లోయ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క పుస్తకమే. అది లేకుండా నేను విమానం ఎక్కను."

"మోరీ ఎక్కకపోతే మేమూ ఎక్కం," అన్నాడు జనంలోంచి ఒక ముసలాయన.

యూదుల కొత్త దేశానికి వెళ్ళే విమానం మర్నాడు ఉదయం. వీళ్ళు ఎక్కకపోతే ఆ సీట్లు వేరే ఊరివాళ్ళకు వెళ్ళిపోతాయని శిబిరం అధికారి ముందే చెప్పాడు. మళ్ళీ వంతు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. వెనక్కి పోవడానికి ఇళ్ళు లేవు. అమ్ముకుని వచ్చారు.

ఇన్‌స్పెక్టర్ వంగి గుడారంలోకి వెళ్ళాడు.

మూలన పెట్టె. గుడారపు గుడ్డకు ఆనించి ఒక బోర్లించిన చెక్క డబ్బా. దాని మీద ఏదో ఉంది. పైన మోరీ శాలువా కప్పి ఉంది.

శాలువా తీశాడు. మూసి ఉన్న పుస్తకం. పోయినదీ ఇంతే ఉండేదని మోరీ వెనక నుంచి చెప్పాడు. అలాంటి అట్టే, అలాంటి నీలం గుడ్డే.

"ఇది ప్రార్థనల పుస్తకం. ఇదీ మా తాత రాసిందే. రెండూ పెట్టెలోనే ఉండేవి," అన్నాడు మోరీ.

అంటే దొంగ రెండూ బయటికి తీశాడు. ఏది ఏదో గుడ్డ విప్పి చూసుకున్నాడు. కావలసింది పట్టుకుపోయాడు.

ఇన్‌స్పెక్టర్ డబ్బా ముందు కూర్చున్నాడు. కూర్చోవడానికి ఆ ఒక్క వైపే చోటుంది. మిగిలిన మూడు వైపులా గుడారం గుడ్డ, పెట్టె, పరుపుల చుట్టలు.

అట్ట తెరిచాడు. అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి.

"మీరు దీన్ని కదిపారా?"

"ముట్టలేదు. ఎవరినీ ముట్టనివ్వలేదు."

కానిస్టేబుల్ అవద్ భుజం మీదుగా చూశాడు. "తేలిపోయింది సార్. ఏది పైనో ఏది కిందో తెలియనివాడు తీశాడు. చదువు రాని మనిషి. ఊడ్చే మనిషి ఫదూమో ఈ గుడారంలోంచి రావడం ఇద్దరు చూశారు."

"చదువు రాని మనిషి పుస్తకాన్ని మూసి, శాలువా కప్పి వెళ్తుందా?"

అవద్ గడ్డం గోక్కున్నాడు.

తెరిచిన ప్రార్థనల పుస్తకాన్ని వదిలి యూదులెవరూ లేవకూడదు. మూసి కప్పాలి. అది చిన్నప్పుడు చెంపదెబ్బలు తిని నేర్చుకునే అలవాటు. దొంగకు ఆ భయం ఉంది. ఆ భక్తి ఉంది. అయినా పుస్తకం తలకిందులుగా పెట్టాడు.

రెండూ ఒక మనిషిలో ఎలా ఉంటాయి?

చాప అంచున ఒక దారపు ముక్క దొరికింది. లావుది, మైనం పట్టినది, పాతబడి పసుపుపచ్చగా ఉంది. ఒక కొన కత్తితో కోసినట్టు నున్నగా ఉంది.

"గుడారం కుట్టిన దారమై ఉంటుంది సార్," అన్నాడు అవద్.

ఇన్‌స్పెక్టర్ దాన్ని జేబులో వేసుకున్నాడు.

మోరీ కూతురు రూమియా పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చింది. నలభై దాటిన మనిషి. కాఫీ గింజల పొట్టుతో అల్లం వేసి కాచిన కషాయం గిన్నెల్లో పోసి, ఇన్‌స్పెక్టర్ ముందు ఒకటి పెట్టింది.

"మధ్యాహ్నం మీరు ఎక్కడ ఉన్నారమ్మా?"

"సూదిమందు దగ్గర. ఆడవాళ్ళకు ముందు వేసి పంపారు. రొట్టెలు కాల్చుకున్నాను." కాస్త ఆగింది. "ఫదూమోను తీసుకుపోతారా అయ్యా?"

"సాక్ష్యం ఉంటే."

"దానికి పాలు తాగే పిల్ల ఉంది."

ఆమె పోస్తున్న కషాయం ఒలికింది. తుడిచి, తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఫదూమో సోమాలీ మనిషి. చీపురు చేత్తో పట్టుకునే వచ్చింది.

"లోపలికి ఎందుకు వెళ్ళావు?"

"ఊడవడానికి. చీపురుతో ఇంకేం చేస్తారయ్యా?"

"పెట్టె తెరిచి ఉందా?"

"ఉంది. నేను పెట్టెల్లోకి చూడను. ఒకసారి చూస్తే జీవితమంతా చూశావంటారు."

"ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. వెనక గుడారం గుడ్డ కదిలింది. గాలనుకున్నాను."

"ఈ రోజు గాలి ఉందా?"

ఫదూమో జవాబు చెప్పబోయి ఆగింది. ఆకాశం వైపు చూసింది. "లేదు," అంది నెమ్మదిగా. "అయ్యా, పుస్తకం నాకెందుకు? ఉడకబెడితే మెత్తబడుతుందా?"

"అమ్ముకోవచ్చు."

"ఎవరికి?"

సరైన ప్రశ్నే. ఎవరికో ఇన్‌స్పెక్టర్‌కు తెలుసు.

ఎజ్రా షుమాయిల్ శిబిరంలోనే దొరికాడు. ఏడెన్ బజారులో పాత వస్తువుల వ్యాపారి. ఇస్త్రీ చేసిన కోటు, చేతిలో జపమాలలా తిప్పే తాళాల గుత్తి. ఓడలో వెళ్ళే చెక్కపెట్టెల దగ్గర నిలబడి ఉన్నాడు. విమానంలోకి పుస్తకాలు బరువని రానివ్వడం లేదు. ఒంటి మీది బట్టలు, చేతిలో చిన్న మూట. అంతే. పుస్తకాలు సాయంత్రంలోగా ఆ పెట్టెల్లో వేసి ఇవ్వాలి. వెనక ఓడలో వస్తాయని చెప్పారు.

"ఇక్కడేం పని ఎజ్రా గారూ?"

"చూస్తున్నాను. చూడ్డం నేరమా?"

"పొద్దున మోరీని పుస్తకం అమ్మమని అడిగారట."

"అడిగాను. ముసలాయన నా మీద ఉమ్మినంత పని చేశాడు. నేనేం కోపగించుకోలేదు. నాకు ఓపిక ఎక్కువ."

"ఓపికతో ఏం వస్తుంది?"

వ్యాపారి నవ్వాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, ఇంతమంది, ఇన్ని పెట్టెలు, ఇంత దూరం. పెట్టెలు పగులుతాయి. చీటీలు ఊడిపోతాయి. ఎవరిదో తెలియని పుస్తకాలు చివరికి ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తాయి. రేపు చవగ్గా దొరికేదాన్ని ఈ రోజు దొంగతనం చేసే మూర్ఖుణ్ణి కాను."

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"మీ ముసలాయనతోనే అన్నాను. గుడారం ముందు. ఆయన వినిపించుకోలేదు."

ఎజ్రా మీద అనుమానం పోలేదు. కానీ అతను పండితుడి కొడుకు. పుస్తకాన్ని కళ్ళు మూసుకుని కూడా సరిగ్గా పెడతాడు.

మూడో మనిషి హారూన్. వెండిపని చేసేవాడు, మోరీ శిష్యుల్లో పెద్దవాడు. లోయవాళ్ళందరికీ ఒక విమానం చాలలేదు; అతని కుటుంబం మొదటి విమానంలో లేదు. రెండో విమానం ఎప్పుడో ఎవరికీ తెలియదు.

"మోరీతో గొడవ పడ్డావట."

"పడ్డాను. పుస్తకం ఉన్న పెట్టె ఆయన పేరు మీద పోతుంది. ఆయన ఒక ఊళ్ళో దిగుతాడు, మమ్మల్ని ఇంకో ఊళ్ళో దించుతారు. మా పిల్లలకు ఏం మిగులుతుంది? నా నోరా?"

"అందుకని తీసుకున్నావు."

"తీసుకోవాలనుకున్నాను." హారూన్ సూటిగా చూశాడు. "సూదిమందు వరసలోంచి తప్పుకుని వచ్చాను కూడా. అప్పటికే పెట్టె తెరిచి ఉంది. భయమేసి వెనక్కి పోయాను. రాసుకోండి. దొంగకన్నా ఆలస్యంగా వచ్చిన దొంగను."

అతని పెళ్ళాం బద్రా గుడారం గుమ్మంలో కూర్చుని ఏదో కుడుతోంది. "మొగుడికి దొంగతనం కూడా చేతకాదు," అని దారం పంటితో కొరికింది.

ఆ వరసంతా ఆడవాళ్ళు కుట్టుకుంటూనే ఉన్నారు. నల్లటి దుస్తులు, వెండి గొలుసులు, ఒడిలో బట్టలు. ఇన్‌స్పెక్టర్ వస్తుంటే మాటలు ఆగాయి.

"ఏం కుడుతున్నారమ్మా?"

"చలిదేశమంట అయ్యా," అంది బద్రా. "లోపల ఇంకో పొర వేసుకుంటున్నాం."

పక్కనున్న ఆడవాళ్ళు ముసుగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

పొద్దు వాలుతోంది. అవద్ గుడారాలన్నీ సోదా చేసి వచ్చాడు. పరుపులు విప్పించాడు, పిండి కుండల్లో చెయ్యి పెట్టించాడు. ఏమీ లేదు.

"ఫదూమోను లాకప్‌లో వేద్దాం సార్. రాత్రికి నోరు విప్పుతుంది."

ఇన్‌స్పెక్టర్ తల అడ్డంగా ఊపాడు. మోరీ గుడారం వైపు నుంచి పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి. అటు నడిచాడు.

ముసలాయన ఆ రోజు కూడా పాఠం మానలేదు. దొరికిన ప్రార్థనల పుస్తకాన్నే నేల మీద పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లలు ఆయనకు ఎడమ పక్క కొందరు, కుడి పక్క కొందరు. పుస్తకం మాత్రం ఆయన వైపే తిరిగి ఉంది. ఇన్‌స్పెక్టర్ చదివిన ఏడెన్ బడిలో బల్లలుండేవి. ఎవరి పుస్తకం వాళ్ళ ముందు ఉండేది. ఇక్కడ ఒక్క పుస్తకం చుట్టూ ఇంతమంది.

ఎడమ పక్క పిల్లాడు గడగడా చదువుతున్నాడు. వాడి కళ్ళకు అక్షరాలన్నీ పక్కకు పడుకుని ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ వంగి పుస్తకాన్ని వాడి వైపు నేరుగా తిప్పాడు. "ఇప్పుడు చదువు."

పిల్లాడు మొదటి మాట దగ్గరే తడబడ్డాడు. "ఇది మోరీ వైపు సార్. నా వైపు కాదు," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ వంగినచోటి నుంచే తల తిప్పి ముసలాయనను చూశాడు.

"మోరీ, లోయలో మీ ఇంట్లో కూడా ఇలాగే కూర్చునేవారా?"

"ఇలాగే. సన్నటి గది. ఎవరి చోటు వాళ్ళది. మార్చనివ్వను. మారిస్తే కొట్టుకుంటారు."

"మీకు ఎదురుగా ఎవరు కూర్చునేవారు?"

"ఎదురుగా ఎవరూ కూర్చోరు. గురువుకు ఎదురుగా కూర్చోవడం మర్యాద కాదు. అటువైపు పొయ్యి ఉండేది."

ఇన్‌స్పెక్టర్ నిటారుగా నిలబడ్డాడు. "అవద్, అందరినీ పిలువు. ఇక్కడికే."

దీపాలు పెట్టకముందే అందరూ చేరారు. మోరీ, హారూన్, బద్రా, ఎజ్రా. గుమ్మంలో చీపురుతో ఫదూమో. రూమియా మళ్ళీ కషాయం పోస్తోంది.

ప్రార్థనల పుస్తకం డబ్బా మీద ఉంది.

"హారూన్, కూర్చో. నీకు చదవడానికి వీలుగా పెట్టుకుని చదువు."

హారూన్ కూర్చుని పుస్తకాన్ని పక్కకు తిప్పుకున్నాడు. చదివాడు.

"నువ్వు మోరీకి ఏ పక్క కూర్చునేవాడివి?"

"కుడి పక్క."

"చూశారా ఎజ్రా గారూ? మనం ఏడెన్‌లో, పుస్తకం తలకిందులుగా ఉంటే చదువు రానివాడు పెట్టాడంటాం. వీళ్ళ లోయలో అలా కాదు. ఎవరు ఎక్కడ కూర్చుని నేర్చుకుంటే అక్షరం పైభాగం అటే. ఎడమవాళ్ళకు ఒక పక్క, కుడివాళ్ళకు ఇంకో పక్క. దొంగ పుస్తకాన్ని పొరపాటున తలకిందులుగా పెట్టలేదు. చదువుకోవడానికి పెట్టాడు. చదివాడు. ఇది తోరా కాదని తెలుసుకున్నాడు. మూసి, కప్పి వెళ్ళాడు. మోరీకి సరిగ్గా ఎదురుగా కూర్చుని చదువు నేర్చుకున్న మనిషి."

"ఎదురుగా ఎవరూ లేరని చెప్పాను కదా," అన్నాడు మోరీ.

"పొయ్యి ఉండేదన్నారు. పొయ్యి దగ్గర ఎవరుండేవారు?"

కషాయం పోస్తున్న చప్పుడు ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ రూమియా వైపు తిరిగాడు. "అమ్మా, మీరు చదవండి."

"నాకు చదువెక్కడిదయ్యా? ఆడదాన్ని."

"సరే. అవద్, ఫదూమోను జీపు ఎక్కించు."

ఫదూమో చీపురు గోడకు ఆనించబోయింది. గోడ లేదు. చీపురు గుడ్డ మీద జారి కింద పడింది. "నా పిల్లకు ఎవరైనా పాలు పట్టండి," అంది.

రూమియా పళ్ళెం కింద పెట్టింది. డబ్బా ముందు కూర్చుంది. చేతులు దుస్తులకు తుడుచుకుంది. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని తలకిందులుగా తిప్పింది.

చదివింది.

మొదటి మాటలు గొణిగినట్టు వచ్చాయి. తర్వాత గొంతు నిలబడింది. లోయ పద్ధతిలో ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీసింది, ఎక్కడ దించాలో అక్కడ దించింది. హారూన్ నోరు తెరుచుకుని వింటున్నాడు.

మోరీ కళ్ళు మూసుకున్నాడు. "మూడో మాట దగ్గర ఇంకొంచెం ఆగాలి," అన్నాడు.

ఆమె వెనక్కి వెళ్ళి, ఆగి చదివింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు తండ్రి.

"అమ్మ పోయి పొయ్యి నాకు వచ్చినప్పటి నుంచి. మీ చూపుడు కర్ర ఎటు పోతే నా కళ్ళూ అటు పోయేవి. రొట్టెలు మాడితే తిట్టేవారు, గుర్తుందా నాన్నా?"

"నా పుస్తకం ఏదీ?"

రూమియా లేచి దుస్తుల అంచు మడత విప్పింది. కుట్టు తెంపింది. గుడ్డ సంచి, అందులో ఇంకో గుడ్డ సంచి. దాంట్లోంచి కాగితాల కట్ట ఒకటి బయటికి వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి దారపు ముక్క తీసి డబ్బా మీద పెట్టాడు. పుస్తకం వెన్ను కుట్టిన దారం అది.

ముసలాయన దాన్ని వేళ్ళతో తడిమాడు. "మా తాత కుట్టిన కుట్టు తెంపావా?"

"దారం తెంపాను నాన్నా. కాగితం తెంపలేదు. ఒక్కో కట్ట ఒక్కొక్కరి దగ్గర ఉంది. ఎవరి దగ్గర ఏ కట్టో నాకు తెలుసు."

"ఒంటి మీదనా? పాయిఖానాకు కూడా దాంతోనే పోతారా?"

"రెండు సంచుల్లో కుట్టాం. రెండు పొరలుంటే దోషం లేదని మీరే హారూన్ వాళ్ళకు చెప్పారు."

మోరీ హారూన్ వైపు చూశాడు. "చెప్పానా?"

"నాకు గుర్తులేదు మోరీ," అన్నాడు హారూన్.

"దానికి గుర్తుంది."

హారూన్ పెళ్ళాం వైపు తిరిగాడు. "నీ దగ్గర కూడా ఉందా?"

"ఉంది."

"నన్ను దొంగంటుంటే నోరు మూసుకుని కూర్చున్నావా?"

"నీకు చెబితే రెండో గుడారానికి తెలిసేలోపు ఏడెన్‌లో తెలుస్తుంది," అంది బద్రా.

"ఎందుకు చేశావమ్మా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

రూమియా ఎజ్రా వైపు చూడలేదు. చూడకుండానే చెప్పింది. "పొద్దున ఈయన అన్న మాట నాన్న వినలేదు. నేను విన్నాను. పెట్టెలు పగులుతాయి, చీటీలు ఊడిపోతాయి అన్నాడు. నా మొగుడు కూడా ముందు వెళ్ళి చోటు చూసి వస్తానన్నాడు అయ్యా. మంచివాడే. అబద్ధమాడే మనిషి కాదు. రాలేదు. దారిలో ఏమైందో చెప్పేవాళ్ళు కూడా లేరు. అప్పటి నుంచి వెనకాల వస్తుందంటే నాకు నమ్మకం లేదు. ఒంటి మీదున్నదే మనతో వస్తుంది. ఫదూమో వస్తున్న చప్పుడు విని వెనక గుడ్డ ఎత్తి బయటికి పోయాను, నేరం దాని మీద పడుతుందని అనుకోలేదు. పడ్డాక చెబుదామంటే, చెబితే పుస్తకం పెట్టెలోకి పోతుంది. మధ్యాహ్నం నుంచి రెండిటి మధ్య చచ్చిపోతున్నాను."

ఫదూమో చీపురు తీసుకుంది. "అంత చచ్చిపోతున్నదానివి, నాకోసం కాస్త ముందే నోరు విప్పాల్సింది," అంది. అని వెళ్ళిపోయింది. రూమియా ఆ మాటకు తల ఎత్తలేదు.

మోరీ కాగితాల కట్టను ఒడిలో పెట్టుకున్నాడు. "నేను మాట ఇచ్చాను. పుస్తకాలు పెట్టెలో వేస్తానని."

"పుస్తకం వేయండి నాన్నా," అని రూమియా ప్రార్థనల పుస్తకం చూపించింది. "ఇవి బట్టలు."

అందరూ ఇన్‌స్పెక్టర్ వైపు చూశారు.

"ఆడవాళ్ళ బట్టలు సోదా చేయడానికి నాకు ఆర్డర్ లేదు," అన్నాడు ఆయన. ఎజ్రా వైపు తిరిగాడు. "మీ సంగతి వేరు. రేపటి నుంచి ఆ పెట్టెల దగ్గర కనబడితే లోపలేస్తాను. చూడ్డం కూడా నేరమే అనుకోండి."

అవద్ రిపోర్ట్ కాగితం తీశాడు. "ఏం రాయమంటారు సార్?"

"దొంగతనం జరగలేదు. వస్తువు ఇంట్లోనే దొరికింది."

"ఇంట్లో ఎక్కడని అడుగుతారు."

"పొయ్యి పక్కన అని రాయి."

ఉదయం విమానం దగ్గర ఇసుక లేస్తోంది. మొదట ఎక్కేవాళ్ళు ఒక పక్క, ఉండిపోయేవాళ్ళు ఒక పక్క. ఆడవాళ్ళు ఒకరినొకరు గట్టిగా పట్టుకోవడం లేదు. కాగితాలు నలుగుతాయని దూరం నుంచే చేతులు పట్టుకున్నారు. అలా విడిపోవడం చూడటం కష్టంగా ఉంది.

మోరీ హారూన్‌ను పిలిచాడు.

"ఈ విమానంలో పోయే ఆడవాళ్ళ దగ్గర ఎంతవరకు ఉందో రూమియా లెక్క చెప్పింది. తోరాలో మన పూర్వీకులు ఈజిప్టు దాస్యం వదిలి సముద్రం ముందు నిలబడతారు చూడు. వెనక రాజు సైన్యం. అక్కడికి కాగితం అయిపోతుంది. తర్వాతిదంతా మీ ఆవిడ దగ్గరా మిగిలినవాళ్ళ దగ్గరా ఉంది. అక్కడినుంచి నువ్వు చెప్పు."

"నడుమ నుంచి ఎలా మొదలుపెట్టను మోరీ? మా పిల్లలకు మొదలు తెలియదు."

"మా పిల్లలకు చివర తెలియదు. కలిశాక ఒకరికొకరు చెప్పుకుంటారు."

"మీకు నోటికి వచ్చు కదా. సముద్రం చీలిందని, దాటారని ఒక్క మాట చెప్పలేరా పిల్లలకు?"

"కాగితం లేకుండానా?" మోరీ మెట్టు మీద కాలు పెట్టి, కూతురి భుజం పట్టుకున్నాడు. "మావాళ్ళు ఒడ్డునే నిలబడి ఉంటారు హారూన్. తొందరగా రా."